పెనము మీదినుండి పొయ్యిలోనికి

'ముందు నుయ్యి, వెనుక గొయ్యి', 'పెనము మీదినుండి పొయ్యిలో పడినట్లు' అను రెండు సామెతలను మా విద్యార్థులు తరచుగా ఒకదానికి మారుగా మరియొకటి వ్రాయుచుందురు. వీనికి భేదము కలదు. మొదటిదానిలో రెండపాయములును సమానములు. మనుష్యుడు కదలలేక నిలిచిపోవును. రెండవదానిలో అతడు కదలినాడు. తప్పించుకొంటినని తలచుచునే మునుపటికంటె పెద్ద అపాయమున పడినాడు. పెనమునకు వేడి వచ్చినది ఆ పొయ్యినుండియే గదా!

ఈ తారతమ్యమును తెలుపునది పంచమీ విభక్తిలోని 'కంటె'. తమిళమున 'విడ', కన్నడమున 'గింత' ఇదే పని చేయును. హోసూరు సంతలో మూడు భాషలును వినుచు పెరిగిన పిల్లలకిది సులభమే. సామెతయు ఇరుగుపొరుగువారికి కలదు; వారు బాణలి నుండి నిప్పులో పడుదురు. మనకు దోసెల పెనము.

తల్లిదండ్రుల యెదుట దీనిని పెట్టుటకు కారణము వేరు. ఏటేట జూన్ నెలలో కొందరు వచ్చి, "సార్, తమిళం పిల్లోడికి బరువైపోతా ఉంది. టి.సి. ఇచ్చేయండి, ఇంగ్లీషు మీడియంలో వేస్తాము" అందురు. వారి భయము వట్టిది కాదు. 2006 నాటి తమిళ భాషాభ్యసన చట్టము ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. ఇంట తెలుగు మాటలాడు బాలుడు పరీక్షలో తమిళ వ్యాసము వ్రాయుట కష్టమే. ఆ కష్టమును మేమును కన్నులార చూచుచున్నాము.

అయినను ఆ చట్టము ఇంగ్లీషు మీడియమునకును వర్తించును. 2014 లో వెలువడిన ఉత్తర్వు దానిని సి.బి.ఎస్.ఇ. పాఠశాలలకును విస్తరించినది. అత్తిబెలె దాటి కర్ణాటకమునకు పోయినచో 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టము ఎదురగును. కావున మీడియము మార్చినను తమిళము తప్పదు. పిల్లవానికి తప్పిపోవునది తెలుగొక్కటే. ఇచట వానికి కష్టమైన పాఠము తమిళమొక్కటి. అచట గణితము, విజ్ఞానము, సాంఘికము సైతము తెలియని భాషలో వచ్చును. ఇంగ్లీషు వలదని మేమనము. మా పాఠశాలలోను దానిని బోధించుచున్నాము.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యములు కల్పింపవలెనని 1956 లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కాని పిల్లలు లేని తరగతికి ఉపాధ్యాయుని ఎవరు నియమింతురు? నేడు అన్నకు టి.సి. తీసికొన్నచో, రేపు తమ్మునికి తెలుగు తరగతి మిగులకపోవచ్చును.

తమిళమునకు జంకు పిల్లల కొరకు సాయంకాలము బడి విడిచిన పిమ్మట మా తమిళ పండితులు వేరుగా పాఠము చెప్పుచున్నారు. టి.సి. అడుగుటకు ముందు ఒక్క నెల పిల్లవానిని అచట కూర్చుండబెట్టి చూడుడు.