వానలో పరుగు - పాదాల పాఠం

మాది మానుకోట దగ్గరి పల్లె, వ్యవసాయ కుటుంబం. వానాకాలంలోనూ పొద్దున్నే బురద బాటన పరుగెత్తుతాను. జలుబును లెక్కచేయను, జ్వరం, ఒళ్లునొప్పులుంటే మాత్రం పరుగు బంద్.

నన్ను ఆపింది పాదాలు. తడి బూట్లలో నానిన చర్మం మెత్తబడి, రాపిడికి చిట్లుతుంది. నా వేళ్ల సందులు అట్లాగే పగిలాయి. "నాటేసే మాకు ఏటా ఉన్నదే గద బిడ్డా!" అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. పగిలిన చర్మం దానికి దారి. ఆ జ్వరం ముదిరితే మూత్రపిండాలకే ముప్పు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది చూడండి, అటువంటి వరదల తర్వాత ఈ భయం మరీ ఎక్కువ.

పుండు మానేదాకా నేను పరుగు మానుకున్నాను. అమ్మ నాటు మానుకోలేదు. ఇప్పుడు సాయంత్రం ఇద్దరం సబ్బుతో కాళ్లు కడిగి, సందులు పొడిగా తుడుచుకుంటున్నాం.