కుంటు కుక్కలు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

ఒకప్పుడు పట్టణములలోని బంగళాలకే పరిమితమైయుండిన చిన్నజాతి సీమకుక్కలు నేడు పల్లెలకును వచ్చినవి. పొమరేనియన్, పగ్, డాష్‌హండ్ మొదలగు జాతుల కుక్కలను కొనితెచ్చి పెంచుకొను గృహస్థులు అనేక గ్రామములలో కలరు. ఇక వీధికుక్కలు అన్ని ఊళ్లలోను ఉన్నవే. వీనిలో ఏదేని కుంటుచు కనబడినపుడు జనులు రెండు విధముల పొరపడుచుందురు. కొందరు దానిని పిచ్చికుక్కయని తలచి రాళ్లతో కొట్టి చంపుదురు. మరికొందరు నిజముగా పిచ్చి సోకిన కుక్కనే కాలు విరిగినదని జాలిపడి దగ్గరకు తీయుదురు. మొదటిది క్రూరకార్యము, రెండవది ప్రాణాపాయము. ఇట్టి సమయమున గ్రామస్థులు సలహాకై వచ్చునది పంచాయతీ సభ్యుల వద్దకే. కావున ఈ భేదమును గూర్చి ముఖ్యమైన విషయములను ఇచట వివరింతుము.

మొదట చూడవలసినది

కుంటు కుక్కను తాకుటకు ముందు దూరమునుండి దాని ముఖమును, నడకను పరిశీలింపవలెను. పిచ్చివ్యాధి, అనగా రేబిస్, రెండు రూపములలో వచ్చును. ఎదురైన వారినెల్ల కరచు రూపమును అందరును ఎరుగుదురు. రెండవదగు మూగరూపమును ఎరిగినవారు కొలదిమంది. ఈ రూపమున కుక్క కరవ పరుగెత్తదు, మూల నక్కియుండును. కాళ్లు పట్టుతప్పును, క్రింది దవడ వ్రేలాడును, చొంగ కారును, గొంతు మారును, నీరుగాని ఆహారముగాని మ్రింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కొన్నదని నోటిలో చేయిపెట్టుట మిక్కిలి ప్రమాదకరము.

కీలు జబ్బు గల కుక్క అట్లుండదు. అది తినును, త్రాగును, యజమానిని గుర్తించి తోక ఆడించును. లోపమంతయు కాలియందే యుండును. రేబిస్ సోకిన కుక్కకు బలహీనత దినదినమునకు ఇతర అవయవములకు ప్రాకును. లక్షణములు కనబడిన పిమ్మట సాధారణముగా పది దినములలోపుగనే అది మరణించును. అయినను ఈ గుర్తులు జాగ్రత్త కొరకే గాని తీర్పు కొరకు కావు. ఏ మాత్రము అనుమానమున్నను కుక్కను తాకక, పిల్లలను దూరముగా నుంచి, పశువైద్యునికి కబురు చేయవలెను.

కుక్క కరచినను, గీరినను, దాని చొంగ గాయమునకు తగిలినను, ఆ చోటును వెంటనే సబ్బుతోను, ధారగా పోయు నీటితోను పదునైదు నిమిషములు కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. పిమ్మట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి వైద్యుడు చెప్పిన టీకాలన్నియు తప్పక పూర్తిచేసికొనవలెను. వ్యాధి లక్షణములు బయటపడిన తరువాత మందు లేదు. ముందుగా వేసికొన్న టీకాయే రక్ష.

పాదమును పరీక్షించుట

రేబిస్ అనుమానము లేని పెంపుడు కుక్క కుంటుచున్నచో మొదట పాదమును చూడవలెను. పల్లేరుకాయ, తుమ్మముల్లు, గాజుపెంకు, విరిగిన గోరు, వ్రేళ్ల సందున పట్టిన పిడుదు: పలుమారు కారణము ఇంతే. నొప్పి గల కుక్క యజమానినైనను కరవవచ్చును గనుక మెత్తని గుడ్డతో మూతిని వదులుగా కట్టి చూచుట మంచిది. ఊపిరి కష్టముగా తీయు కుక్కకును, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకును ఇట్లు కట్టరాదు.

మోకాటిచిప్ప జారుట

పాదములో ఏమియు లేక, చిన్నజాతి కుక్క వెనుక కాలిని కుంటుచున్నచో మోకాటిచిప్పను అనుమానింపవలెను. తొడ ఎముక క్రిందికొనయందు ఒక గాడి కలదు. మోకాటిచిప్ప ఆ గాడిలో పైకిని క్రిందికిని జరుగుచుండును. బావి గిలకమీద చేదత్రాడు ఆడునట్లు ఇది ఆడును. గిలక గాడి లోతు లేనిదైనను, త్రాడు ప్రక్కకు లాగబడినను త్రాడు తప్పును గదా! చిన్నజాతులలో ఈ గాడి పలుమారు లోతు తక్కువగా నుండును. ఎముకల వంకరచే లాగుడు లోపలి వైపునకు పోవును. అందుచే చిప్ప లోపలి ప్రక్కకు జారును.

గుర్తు తెలిసికొనుట సులభము. పరుగెత్తుచున్న కుక్క హఠాత్తుగా ఒక వెనుక కాలిని ఎత్తి మూడు కాళ్లతో నాలుగడుగులు గెంతును. కాలిని ఒకమారు వెనుకకు విదిలించును. మరల ఏమియు ఎరుగనట్లు నడచును. చిప్ప జారి, మరల గాడిలో పడుటయే దీనికి కారణము.

వైద్యులు దీనిని నాలుగు దశలుగా విభజించిరి. మొదటి దశలో చేతితో నొక్కినపుడే చిప్ప జారి, విడిచినంతనే స్వస్థానమునకు వచ్చును. రెండవ దశలో అప్పుడప్పుడు తానుగా జారును. మూడవ దశలో చాలవరకు జారియే యుండును గాని చేతితో సరిచేయవచ్చును. నాల్గవ దశలో చేతితో సరిచేయ వీలుపడదు. మొదటి దశలో బరువు తగ్గించి, నున్నని గచ్చుపై పరుగెత్తనీయక, మంచములపైనుండి దుమికింపక కాపాడిన చాలును. ముదిరిన దశలలో గాడిని లోతుచేయు శస్త్రచికిత్స అవసరము కావచ్చును. ఈ లోపము సాధారణముగా వంశపారంపర్యముగా వచ్చును గనుక ఇట్టి కుక్కలచే పిల్లలను పెట్టింపరాదు.

మరికొన్ని జబ్బులు

ఏడాది నిండని చిన్నజాతి పిల్లలలో తుంటి కీలు జబ్బు ఒకటి కలదు. తొడ ఎముక తలకు రక్తము చాలినంత అందక ఆ భాగము శిథిలమగును. మానవ శిశువులలోను ఇట్టి జబ్బు కలదు. 1910లో లెగ్, కాల్వే, పెర్తెస్ అను మువ్వురు వైద్యులు దానిని వేర్వేరుగా వర్ణించినందున వారి పేరనే అది పిలువబడుచున్నది.

పొడుగు నడుము గల డాష్‌హండ్ వెనుక కాళ్లు హఠాత్తుగా పడిపోయినచో లోపము కాళ్లలో గాక వెన్నుపూసల నడుమ నుండవచ్చును. అట్టిదానిని నడిపింపక పలకపై పరుండబెట్టి ఆనాడే వైద్యునికడకు కొనిపోవలెను. ఆలస్యమైనచో కాళ్లు శాశ్వతముగా చచ్చుపడవచ్చును. మిక్కిలి చిన్న కుక్కలకు మంచము ఎత్తునుండి దూకినను ముంగాలి ఎముక విరుగుట కద్దు. వట్టి అన్నముతోనో, వట్టి మాంసముతోనో పెంచిన పిల్లలకు సున్నపు ధాతువు చాలక ఎముకలు వంగును.

చేయరాని పనులు

కుంటు కాలికి వాతలు పెట్టుట వలన నొప్పి పెరుగునే గాని కీలు బాగుపడదు. మనుష్యులు వాడు నొప్పి మాత్రలను కుక్కలకు ఎన్నడును ఇయ్యరాదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కల పొట్టలో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరచును. విరిగిన ఎముకను లాగి బిగువుగా కట్టుట వలన రక్తప్రసారము నిలిచి కాలే పోవచ్చును.

పంచాయతీ చేయదగినది

గ్రామములోని పెంపుడు కుక్కల పట్టిక నొకదానిని వ్రాయించి, ఏ కుక్కకు ఎప్పుడు రేబిస్ టీకా వేయబడినదో అందు గుర్తింపవలెను. మూడు మాసములు నిండిన పిల్లకు మొదటి టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించవలెను. ఏటేట జూలై 6వ తేదీని జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధుల దినముగా పాటింతురు. 1885లో ఆ తేదీననే పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కరచిన బాలునికి తొలిసారి టీకా ఇచ్చెను. ఆనాడు పశుసంవర్ధక శాఖవారితో కూడి గ్రామమున టీకాల శిబిరము జరుపుట ఉచితము.

వీధికుక్కలను చంపుట పరిష్కారము కాదు, చట్టసమ్మతమును కాదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కుక్కలను కొట్టి హింసించుటను నేరముగా పేర్కొన్నది. దాని క్రింద 2023లో వెలువడిన నియమములు సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, రేబిస్ టీకాయు మార్గములుగా చూపినవి. గాయపడిన జంతువు కనబడినపుడు సమీప పశువైద్యశాలకు గాని, 1962 అను ఉచిత ఫోను సంఖ్యకు గాని తెలుపవలెను. ఆ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించిన మేలు. వీధులలో గాజుపెంకులు, ఇనుపతీగలు లేకుండ చూచినచో కుక్కల పాదములకే గాక పిల్లల పాదములకును రక్షణ కలుగును.

కుంటు కుక్క కనబడినపుడు రాయి తీయుటకు ముందు చూపు నిలుపవలెను. జాలితో చేయి చాచుటకు ముందును చూపు నిలుపవలెను. సభ్యులు ఈ ఒక్క అలవాటును తమ వార్డులో నేర్పగలిగినచో మూగజీవమునకు బాధయు, మనుష్యునకు ప్రాణభయమును తప్పును.