న్యూజిలాండ్‌లో పీహెచ్‌డీ: ముందు ప్రశ్న, ఆ తర్వాతే అప్లికేషన్

"సాహిత్యంలో పీహెచ్‌డీనా? అదీ న్యూజిలాండ్‌లోనా?" ఇంట్లో అందరూ అడుగుతారు. అడగనివ్వండి. మీ దగ్గర గట్టి జవాబు ఉంటే చాలు.

ముందు డబ్బు సంగతి. 2006 నుంచి అక్కడ కొత్తగా చేరే విదేశీ పీహెచ్‌డీ విద్యార్థులు స్థానికులతో సమానంగా ఫీజు కడుతున్నారు. ఎంఏకి ఆ వెసులుబాటు లేదు. స్కాలర్‌షిప్‌లకు పోటీ ఎక్కువే. అయినా అప్లై చేయండి.

ఇక అసలు పరీక్ష. అక్కడ సాధారణంగా క్లాసులు ఉండవు. మొదటి రోజు నుంచే రీసెర్చ్. మూడు నాలుగేళ్లలో లక్ష పదాల దాకా థీసిస్. తొలి ఏడాది పని చూశాకే మీ అడ్మిషన్ ఖాయం చేస్తారు. చివర్లో వైవా. "ఈరోజు ఏం రాశావు?" అని రోజూ అడిగేవారు ఉండరు. ఆ మాట మిమ్మల్ని మీరే అడగాలి.

అందుకే మార్కుల కన్నా ముందు మీకో ప్రశ్న కావాలి. నిద్ర పట్టనివ్వని ప్రశ్న!

ఉదాహరణకు ఫిజీ గిర్మిట్ (ఒప్పంద కూలీ) చరిత్ర చూడండి. 1879 నుంచి 1916 దాకా భారత్ నుంచి ఓడల్లో కూలీలను అక్కడికి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచీ పంపారు. వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1987 సైనిక కుట్రల తర్వాత ఎన్నో ఫిజీ భారతీయ కుటుంబాలు న్యూజిలాండ్ చేరాయి. ఆ తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఏ పాట మిగిలింది? ఏ కథ చెప్పుకుంటున్నారు? ఇది అడగాలంటే తెలుగు రావాలి. మీకు వచ్చు. అదే మీ బలం. దాన్ని తక్కువ చేసుకోకండి.

ఇవాళే మొదలుపెట్టండి:

- ఫోన్ ముట్టుకోకముందే మూడు వందల పదాలు రాయండి. బాగుండకపోయినా సరే.
- న్యూజిలాండ్ నేషనల్ లైబ్రరీ వారి 'పేపర్స్ పాస్ట్'లో పాత పత్రికలు ఉచితం. గుంటూరులో కూర్చునే వెతకండి.
- ఆక్లాండ్, ఒటాగో, వెల్లింగ్టన్ యూనివర్సిటీల్లో మీ అంశానికి దగ్గరగా పనిచేసే ప్రొఫెసర్లను గుర్తించండి. ఒక్కొక్కరివి కనీసం రెండు వ్యాసాలు పూర్తిగా చదవండి.

చదివాకే ఈమెయిల్. "రెస్పెక్టెడ్ సర్" అంటూ వందమందికి ఒకటే ఉత్తరం పంపకండి, దాన్ని ఎవరూ చదవరు. మీ ప్రశ్న, అది వారి పనితో ఎక్కడ కలుస్తుందో, మీరు చూసిన ఆధారాలు: అంతా ఒక్క పేజీలో. రెండు వారాలైనా జవాబు రాకపోతే మర్యాదగా ఇంకోసారి రాయండి. అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లండి.