తాళపుచెవి యెవరి చేత నున్నది?

బాలబాలికలారా! మన మధురానగర్‌కు చేరువనున్న ఫిల్మ్‌నగర్‌లో ననేక కుటుంబములకు చలనచిత్రములే జీవనాధారము. 2013వ సంవత్సరమున “అత్తారింటికి దారేది” చిత్రము సెప్టెంబరు 27వ తేదీన విడుదల కాకమునుపే దాని తొలిసగము దొంగప్రతులై అంగళ్ల కెక్కెను. తాళ మెవరును పగులగొట్టలేదు. చిత్రమునకు పనిచేసినవాడే ప్రతి తీసెనని పోలీసులు తెలిపిరి.

నేడు చిత్రములును, వర్తకుల లెక్కలును క్లౌడు ఖాతాలలో, అనగా దూరమునందలి కంప్యూటర్లలో నుండును. లింకు దొరికినవాడెల్ల వానిని తెరవగలుగునట్లు విడుచుట, వాకిలి తెరచి నిద్రించుటయే. కావున ఈ నియమములను పాటింపుడు.

1. పేరుపేరున అనుమతి యిండు. చూచుట మాత్రమే కావలసినవానికి దిద్దు నధికార మీయకుడు.

2. ఒక్కొక్కరికి వేరు ఖాతా యుండవలెను. పాస్‌వర్డునకు తోడు రెండవ పరీక్ష నుంచుడు. ఫోనునకు వచ్చిన ఓటీపీని ఎవ్వరికిని చెప్పకుడు.

3. పని ముగిసిననాడే అనుమతి తొలగింపుడు.

4. ముఖ్యమైన ఫైలునకు ప్రతి నొకదానిని వేరొకచోట దాచుడు.

ఇది తోడివారిని శంకించుట కాదు. వారిని శోధనకు దూరముగా నుంచుట.

అభ్యాసము: మీ యింటి వ్యాపారపు ఫైళ్లు ఎవరెవరికి తెరచియున్నవో ఈ సాయంకాలము తలిదండ్రులతో గూర్చుండి చూడుడు.