చెరువుకు పైనున్న అడవి: కర్నూలు, కడప జిల్లాల్లో నేల, నీటి సంరక్షణ

అడవి అంటే చెట్ల సముదాయం మాత్రమే కాదు. చెట్లు, పొదలు, గడ్డి, రాలిన ఆకులు, వాటి కింది నేల, అందులోని జీవరాశి పరస్పరం ఆధారపడి మనుగడ సాగించే వ్యవస్థే అడవి. కర్నూలు, కడప జిల్లాల్లో సాలీనా సగటు వర్షపాతం సుమారు 700 మి.మీ. మాత్రమే. అందులో అధిక భాగం కొద్ది రోజుల్లోనే ఉధృతంగా కురుస్తుంది. కావున ఇక్కడ అడవి విలువను, పడిన వానను నేలలో నిలిపే శక్తిని బట్టి అంచనా వేయడం సముచితం.

నల్లమల, లంకమల, పాలకొండల అడవులు చాలావరకు ఆకురాల్చే రకానికి చెందినవి. వేసవిలో రాలిన ఆకు తొలకరి నాటికి నేలను కప్పి ఉంటుంది. ఈ పొర చినుకుల తాకిడిని తగ్గించి, నేల రంధ్రాలు మూసుకుపోకుండా కాపాడుతుంది. వేర్లు, చెదపురుగులు, వానపాములు ఏర్పరచిన మార్గాల గుండా నీరు లోపలికి ఇంకుతుంది. ఒక హెక్టారుపై కురిసే 1 మి.మీ. వాన 10,000 లీటర్లకు సమానం. అదే హెక్టారు నుంచి 1 మి.మీ. మందాన మట్టి కోతకు గురైతే 10 ఘనపు మీటర్ల మట్టి దిగువకు కొట్టుకుపోతుంది. వేసవిలో కార్చిచ్చుకు ఆకుపొర కాలిపోతే, తొలి వానలకే ఈ కోత మొదలవుతుంది.

కొండకు, చెరువుకు గల సంబంధాన్ని ఈ ప్రాంతపు పూర్వికులు గుర్తించారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు నిర్మింపజేశాడు. అక్కడి క్రీ.శ. 1369 నాటి శాసనం మంచి చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను పేర్కొంటుంది. తీయని నీటి నది, చెరువును ఆనుకొన్న కొండ ఆ అంగాల్లోనివే. కొండ చెరువుకు అంగమైనప్పుడు, ఆ కొండను కప్పిన అడవిని చెరువు నుంచి వేరుచేసి చూడడం సరికాదు.

కొండ దిగువన కలివి, రేగు వంటి ముళ్లపొదలు పెరిగే భూములను బంజరుగా భావించడం పరిపాటి. అయితే, 1900 తరువాత కనిపించక అంతరించిందని భావించిన కలివికోడి, 1986లో లంకమల పరిసరాల్లో ఇటువంటి పొదల నడుమనే తిరిగి కనిపించింది. ఈ పొదలు మట్టిని పట్టి ఉంచుతూనే అరుదైన జీవులకు ఆశ్రయమిస్తున్నాయి. వాటిని తొలగించి దట్టంగా మొక్కలు నాటడం అడవుల పెంపకం అనిపించుకోదు.

వేసవికి ముందే అగ్నినిరోధక పట్టీలను శుభ్రపరచడం, పశువుల మేతను వంతులవారీగా అనుమతించడం, వాలుకు అడ్డంగా కందకాలు తీయడం, వాగుల్లో రాతి అడ్డుకట్టలు వేయడం ఆచరణీయమైన చర్యలు. వన సంరక్షణ సమితులతోపాటు ఆయకట్టు రైతులు కూడా వీటిలో పాలుపంచుకోవాలి. పైనున్న కొండ బోడిగా ఉన్నంతకాలం చెరువులో పూడికతీత ముగిసే పని కాదు.