బాలరక్ష: యశోద చూపిన క్రమం

శ్రీమద్భాగవతం దశమస్కంధంలోని ఆరవ అధ్యాయం అనగానే అందరికీ పూతన సంహారమే స్ఫురిస్తుంది. ఆ వెంటనే వచ్చే బాలరక్షా ఘట్టం వద్ద ఆగేవారు తక్కువ. దీర్ఘవ్యాధితో ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులు ఆ ఘట్టాన్ని తప్పక చదవాలని నా అభిప్రాయం.

పూతన కూలిన పిమ్మట, ఆమె దేహంపై నిర్భయంగా ఆడుకొంటున్న బాలుని గోపికలు ఎత్తి తెచ్చారు. యశోదా రోహిణులు వారితో కలిసి ఆవుతోక త్రిప్పి దిష్టి తీశారు. గోమూత్రంతో స్నానం చేయించారు. (అది గోకులపు ఆచారం. మన బిడ్డలకు వైద్యుడు చెప్పిన శుభ్రతే ప్రమాణం.) తరువాత న్యాసం. ఇక్కడ వ్యాసులవారు చెప్పిన క్రమం గమనించదగినది. గోపికలు నీరు స్పృశించి, మొదట తమ అంగాలకు, కరాలకు న్యాసం చేసుకొని, ఆ తరువాతనే బాలునికి చేశారు. కాపాడవలసినవారు ముందు తాము నిలదొక్కుకోవాలి కదా! తిండి, నిద్ర మాని బిడ్డ మంచం పట్టుకొని కూర్చున్న తల్లులకు నేను ఈ శ్లోకాన్నే చెబుతుంటాను.

పాదాలను అజుడు, కటిని అచ్యుతుడు, హృదయాన్ని కేశవుడు, భుజాలను విష్ణువు, శిరస్సును ఈశ్వరుడు కాపాడాలన్నారు. ఆడేవేళ గోవిందుడు, నిద్రవేళ మాధవుడు రక్షించాలన్నారు. ఉన్మాదం, అపస్మారం, బాలగ్రహాలు, చివరకు కలలో కనబడే ఉత్పాతాలను సైతం పేరు పెట్టి పలికారు. భక్తి ఉంటే భయమెందుకని కొందరు అంటారు. ఆ తల్లులు తమ భయాన్ని దాచుకోలేదు. అంతా అయ్యాక యశోద స్తన్యమిచ్చి బిడ్డను పడుకోబెట్టింది.

నా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. తలసేమియా వ్యాధి. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అందువల్ల దేహంలో పేరుకొనే ఇనుమును తొలగించడానికి నిత్యం మందు వేయాలి. సూది గుచ్చేవేళ మా అమ్మాయి ఈ నామాలే చెబుతుంది. చేతి వద్దకు రాగానే పాప తానే ‘విష్ణువు’ అంటుంది. నామం వల్ల సూది నొప్పి తగ్గిందని నేననను. ఆ గంటలలో తల్లీబిడ్డలకు కలిసి పట్టుకొనడానికి ఒకటి దొరికింది.

‘ఏ జన్మ పాపమో’ అని సానుభూతి పలికి వెళ్ళినవారున్నారు. తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ ఆ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. కర్మసిద్ధాంతం మన నడవడిని దిద్దుకొనడానికే గాని, పరుల దుఃఖానికి కారణం చెప్పడానికి కాదు. సాక్షాత్తు భగవంతుడు పెరుగుతున్న ఇంటికే పూతన వచ్చింది. యశోద చేసిన పాపమేమిటని శుకుడు వెదకలేదు. పెళ్ళి సంబంధానికి జాతకాలు తెచ్చేవారితో, వధూవరులిద్దరికీ ఆ రక్తపరీక్ష కూడా చేయించండి అంటున్నాను. కొందరు నొచ్చుకొంటారు. అయినా చెబుతున్నాను.

ఆలయంలో ఎన్నో ఏళ్ళు ద్రవ్యదాతల గోత్రనామాలు చదివాను. మా పాపకు రక్తమిచ్చినవారి గోత్రం గాని, పేరు గాని నేనెరుగను. ఆరోగ్యవంతులైన పురుషులు 3 నెలలకు, స్త్రీలు 4 నెలలకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చునట. ఇంటి పూజలో సంకల్పం చెప్పేటప్పుడు ‘రక్తదాతౄణాం సర్వేషాం’ అని చేర్చుకొంటున్నాను.