అద్దె యంత్రం అందరికీ మేలే.. మరి నేలకో?

పది ఇళ్లకు పది ట్రాక్టర్లు ఎందుకు, ఊరికి రెండుంటే వంతులవారీగా వాడుకోవచ్చు కదా అన్న మాట రైతుకు కొత్తేమీ కాదు. ఒకరి కాడెద్దులు ఇంకొకరు కట్టుకోవడం, ఇవాళ మనం వాళ్ల చేలో ఊడ్పుకు వెళితే రేపు వాళ్లు మన చేలోకి రావడం పెద్దల నాటినుంచీ ఉన్నదే. ఇప్పుడు పట్నాల్లో దీనికే షేరింగ్ ఎకానమీ అని పేరు పెట్టారు. కారైనా, ఇల్లయినా సొంతంగా కొనకుండా నలుగురూ కలిసి వాడుకుంటే పర్యావరణానికి మేలని చెబుతున్నారు.

సేద్యంలో దీని రూపమే అద్దె యంత్రాల కేంద్రం. 2014-15లో కేంద్ర ప్రభుత్వం వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ మొదలుపెట్టాక ఈ కేంద్రాలకు రాయితీలు అందాయి. 2022 జూన్‌లో మన రాష్ట్రంలో యంత్రసేవ పథకం కింద రైతు బృందాలకు ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు ఇచ్చారు. రెండెకరాల రైతు అప్పు చేసి ట్రాక్టరు కొనే అవసరం తప్పిందంటే అది చిన్న మేలు కాదు. అయితే జేబుకు మేలు జరిగినంత మాత్రాన నేలకూ, నీటికీ, గాలికీ జరిగినట్లేనా? ఈ వారం ఆ లెక్క చూద్దాం.

ఇనుము ఎంత, డీజిలు ఎంత?

45 హార్స్‌పవర్ ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. మన దేశంలో టన్ను ఉక్కు తయారుకావడానికి రమారమి రెండున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అంటే ఒక ట్రాక్టరు ఇనుముకు 5 టన్నులు అనుకోండి. ఐదుగురు ఐదు కొనకుండా ఒకటే కొంటే 20 టన్నులు మిగిలినట్లు.

ఇప్పుడు డీజిలు చూడండి. లీటరు డీజిలు కాలితే వచ్చే బొగ్గుపులుసు వాయువు 2.7 కిలోలు. గంటకు 4 లీటర్ల చొప్పున ఏడాదికి 600 గంటలు నడిస్తే 2,400 లీటర్లు, అంటే ఆరున్నర టన్నుల దాకా. ఒక్క ఏడాది పొగే ఇనుము లెక్కను దాటిపోయింది! పైగా ట్రాక్టరు ఆయుష్షు గంటల్లో ఉంటుంది. ఒకరు నడిపినా ఐదుగురు నడిపినా పది వేల గంటలు తిరిగాక అది పాతదే. కాబట్టి ఉమ్మడి ట్రాక్టరు త్వరగా అరుగుతుంది, త్వరగా కొత్తది కొనాలి. సొంత ట్రాక్టరు షెడ్డులో తుప్పుపట్టేదైతేనే ఇనుములో ఆదా.

అందుకని అసలు సంగతి ఎన్ని ట్రాక్టర్లు ఉన్నాయన్నది కాదు, ఎన్ని గంటలు తిరుగుతున్నాయన్నది. కిరాయి చౌకగా, గుమ్మం ముందే దొరికితే రెండు సాళ్లు చాలినచోట రోటావేటరుతో నాలుగు సార్లు తిప్పిస్తున్నాం. కలిసి వాడుకోవడం వల్ల వాడకమే పెరిగితే ఆదా ఎక్కడిది? కారు కొనకుండా ఫోను చేసి పిలిపించుకునే టాక్సీల సంగతీ ఇంతే. అమెరికాలో యూనియన్ ఆఫ్ కన్సర్న్‌డ్ సైంటిస్ట్స్ 2020లో వేసిన లెక్కలో, ఆ టాక్సీలు లేకపోతే జనం చేసే ప్రయాణాలతో పోలిస్తే ఈ ప్రయాణాల కాలుష్యం సగటున 69 శాతం ఎక్కువని తేలింది. బేరం కోసం ఖాళీగా తిరగడం ఒక కారణం, బస్సెక్కేవాళ్లు కూడా టాక్సీ ఎక్కడం ఇంకో కారణం. తమిళనాడు నుంచి లారీమీద మన జిల్లాకు వచ్చిపోయే కోత యంత్రం డీజిలును మాత్రం ఎకరా లెక్కలో ఎవరు కలుపుతున్నారు?

కోత యంత్రం వదిలి వెళ్లేది

అన్నిటికన్నా పెద్ద లెక్క ఇక్కడుంది. వరికోత యంత్రాన్ని సొంతంగా కొన్న రైతులు బహు తక్కువ. దాదాపు అంతా అద్దెమీదే. కూలీలు దొరకని రోజుల్లో అది గంటలో ఎకరం కోసి, నూర్చి, గింజ చేతికిస్తుంది. కానీ గడ్డిని చేలో వరుసగా విదిలించి, కొయ్యకాళ్లు ఎత్తుగా వదిలేసి పక్క చేలోకి పోతుంది. కుప్ప వేసిన రోజుల్లో గడ్డి వామికి వెళ్లేది. ఇప్పుడు ఇంట్లో పశువులూ లేవు, గడ్డి ఏరించడానికి మనిషీ లేడు. ఉన్నది అగ్గిపెట్టె ఒక్కటే.

టన్ను వరిగడ్డిలో నత్రజని 5.5 కిలోలు, భాస్వరం 2.3 కిలోలు, పొటాష్ 25 కిలోలు, గంధకం 1.2 కిలోలు ఉంటాయి. తగలబెడితే నత్రజని, గంధకం చాలావరకు గాలిపాలే. పొటాష్ బూడిదలో మిగిలినా గాలికీ వానకీ కొంత కొట్టుకుపోతుంది. కాలిన టన్నుకు దాదాపు 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 3 కిలోల నుసి ఊరిమీదికి వస్తాయి. ఎకరాకు 30 బస్తాలు పండిన చేలో గడ్డి 2 టన్నులకు తగ్గదు. పంచుకున్న యంత్రంలో మిగుల్చుకున్న ఇనుము ఈ మంట ముందు ఏపాటిది?

కృష్ణా డెల్టా రైతుకు ఇంకో నష్టం కూడా తెలుసు. కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలో మినుములు చల్లి, కొడవలితో కోస్తే ఆ పదునుకే మొలిచి పైరై వచ్చేది. దున్నకం లేదు, నేలకు నత్రజని అదనం. ఆ చేలో బరువైన యంత్రం తిరిగితే మొలక నలిగిపోతుంది, తడి నేల గట్టిపడుతుంది. యంత్రంతో కోయించేవాళ్లు ముందుగా చల్లడం మానుకోవాల్సి వచ్చింది. దున్నకుండా మొక్కజొన్న వేసినవాళ్లు ఉన్నారు, దానికి యూరియా, నీళ్లు రెండూ ఎక్కువే.

గడ్డిని నేలలో కలిపే యంత్రాలను కూడా అద్దె కేంద్రాల్లో పెడితే సరిపోదా అంటారు. పంజాబ్, హర్యానాల్లో 2018 నుంచి రైతు బృందాల కేంద్రాలకు 80 శాతం రాయితీమీద ఇచ్చారు. ఆ తరువాతా అక్కడ మంటలు ఆగలేదు. వరి కోతకూ గోధుమ విత్తనానికీ మధ్య దొరికేది రెండు మూడు వారాలే. ఊరందరికీ యంత్రం అదే వారంలో కావాలి, మిగతా ఏడాదంతా దానికి పనే లేదు. వంతు రానివాడు నిప్పు పెట్టాడు. మన దగ్గరా కోతలన్నీ ఒక్కసారే వస్తాయని మరవకండి.

నీళ్లు పంచుకున్న ఊళ్లు

అలాగని కలిసి వాడుకోవడమే తప్పు అనుకోవద్దు. ఉమ్మడి అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని కొన్ని ఊళ్లలో వాసన్ సంస్థ తోడ్పాటుతో బోరున్న రైతులూ లేని రైతులూ ఒప్పందానికి వచ్చారు. బోర్లన్నిటినీ పైపులతో కలిపి, వాన మొహం చాటేసినప్పుడు బోరులేని చేలకూ ఒకటి రెండు తడులు ఇచ్చారు. ఇందులో ముఖ్యమైన షరతు ఏమిటంటే, పదేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదు. ఆ షరతు లేకుండా నీళ్లు పంచితే ఏమయ్యేదో ఊహించండి. పక్కవాడి నీళ్లు వాడుకుంటూనే ఇంకో బోరు వేసేవాళ్లం! అక్కడ పంపకంతోపాటు హద్దు కూడా పెట్టుకున్నారు.

మీ బృందంలో ఏం చేయవచ్చు?

కోత యంత్రానికి రోజు ఖాయం చేసేటప్పుడే గడ్డికట్టల మిషనుకు కూడా ఖాయం చేసుకోండి. కోసిన యంత్రం వెనకాలే అది చేలో దిగాలి. గడ్డి కావలసిన పాడి రైతుతో ముందే మాట్లాడుకుంటే కట్టల ఖర్చు గిట్టుబాటవుతుంది. కట్టలు కట్టించలేకపోతే పదును ఉండగానే ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి గడ్డిని కలియదున్నండి. మళ్లీ వరి వేసేవాళ్లు నీళ్లు నిలగట్టడానికి కనీసం రెండు మూడు వారాలు ముందుగా ఈ పని చేయాలి. పచ్చిగడ్డి కలిపి వెంటనే నీరు పెడితే మీథేన్ వాయువు ఎక్కువగా వస్తుంది, నాటిన పైరూ కొన్నాళ్లు పచ్చబారుతుంది.

కోతలన్నీ ఒకే వారంలో పడకుండా నారుమడులప్పుడే బృందంలో స్వల్పకాలిక, మధ్యకాలిక రకాలు పంచుకుంటే యంత్రం ఎక్కువ రోజులు పని చేస్తుంది. పక్కపక్క చేలను ఒకే రోజు కోయించండి, ఖాళీ తిరుగుడు తగ్గుతుంది. నేల తడిగా ఉంటే టైర్ల మిషను వద్దు, చైను మిషను అడగండి.

అద్దె కేంద్రం పుస్తకంలో గంటలు, రూపాయలతోపాటు ఎన్ని లీటర్ల డీజిలు పట్టింది, గడ్డి ఏమైంది అని రెండు గళ్లు అదనంగా గీయించండి. ఇక యంత్రం మీ చేలో దిగేముందు గింజల తొట్టి, కోత పళ్ల దగ్గర ఊడిపించడం మరవకండి. వెనకటి ఊరి కలుపు విత్తనాలు, కేళీ గింజలు అందులోనే వస్తాయి. విత్తనం కోసం పెంచిన మడైతే మొదటి బస్తా వడ్లను విడిగా పెట్టండి.